డిగ్‌లో వస్తోంది, పింగ్‌లో రావట్లేదు: హోస్ట్‌నేమ్ అపోహలు - వాస్తవాలు

లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు "పేరు రిజాల్వ్ కావట్లేదు" అనే టికెట్ (ఫిర్యాదు) తప్పదు, అంటే మెషిన్ పేరు (హోస్ట్‌నేమ్) ఇస్తే దాని ఐపీ అడ్రస్ దొరకట్లేదని. దాని వెనకే వచ్చే ఉచిత సలహాలే అసలు తలనొప్పి.

అపోహ: ఎన్ఎస్‌లుకప్‌లో ఐపీ వచ్చిందంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: ఎన్ఎస్‌లుకప్, డిగ్ అనే కమాండ్లు నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే (పేర్లకు ఐపీలు చెప్పే సర్వర్) అడుగుతాయి. పింగ్, ఎస్ఎస్‌హెచ్, మీ అప్లికేషన్ సాధారణంగా సీ లైబ్రరీని (ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే కోడ్) అడుగుతాయి. అది ఈటీసీ ఫోల్డర్‌లోని ఎన్ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైల్లో 'హోస్ట్స్' లైను చూసి ఆ వరసలోనే వెతుకుతుంది. అక్కడ 'ఫైల్స్' ముందు, 'డీఎన్ఎస్' తర్వాత ఉంటే తొలి మాట హోస్ట్స్ ఫైలుదే (మెషిన్‌లోనే పేర్లు, ఐపీలు రాసుకునే ఫైలు). టెస్టింగ్ కోసమని ఎవరో అందులో పెట్టి మరిచిపోయిన పాత ఐపీ ఉందనుకోండి, డీఎన్ఎస్‌లో మీరు ఎన్ని మార్పులు చేసినా అప్లికేషన్ పాత మెషిన్‌కే పోతుంది. అందుకే 'గెట్‌ఎంట్ ఏహోస్ట్స్' పక్కన ఆ పేరు ఇచ్చి చూడండి. డిగ్ ఒకటి, గెట్‌ఎంట్ ఇంకొకటి చెబితే నెట్‌వర్క్ టీమ్‌కు ఫోన్ చేసేముందు మీ మెషిన్‌లోనే వెతకండి.

ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఇంకో మెలిక ఉంది. ఆ లైనులో 'డీఎన్ఎస్' కంటే ముందు 'ఎండీఎన్ఎస్4 మినిమల్' (లోకల్ నెట్‌వర్క్‌లోనే పేర్లు వెతికే పద్ధతి) ఉంటే, డాట్ లోకల్‌తో ముగిసే పేర్లు అక్కడే ఆగిపోవచ్చు. ఆఫీసు డొమైన్‌కు డాట్ లోకల్ అని పేరు పెట్టినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

అపోహ: రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో రాసిన మొదటి నేమ్‌సర్వర్‌కు (డీఎన్ఎస్ సర్వర్‌కు) పేరు తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుంది.

వాస్తవం: అడగదు. 'ఆ పేరు లేదు' అన్నదీ జవాబే, అక్కడితో వెతుకులాట ముగుస్తుంది. మొదటిది పలక్కపోయినా, ఎర్రర్ ఇచ్చినా మాత్రమే రెండోదాని వంతు. జీలిబ్‌సీ (లైనక్స్‌లో ఎక్కువగా ఉండే సీ లైబ్రరీ) మామూలుగా 5 సెకన్లు ఎదురుచూస్తుంది. ప్రతి లాగిన్‌కూ సరిగ్గా ఆ 5 సెకన్ల తడబాటు కనిపిస్తుంటే మొదటి నేమ్‌సర్వర్‌నే అనుమానించండి. ఆఫీసు డీఎన్ఎస్ కింద 'సేఫ్టీకి' 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) రాయడం నాకైతే నచ్చదు. ఆఫీసుది పడిపోయిన రోజు లోపలి పేర్లన్నింటికీ గూగుల్ 'లేదు' అని చెప్పేస్తుంది, టెన్షన్ రెట్టింపవుతుంది. అన్నట్టు, మూడుకు మించి నేమ్‌సర్వర్లు రాసినా జీలిబ్‌సీ చదవదు.

అపోహ: రిజాల్వ్ కాన్ఫ్ ఎడిట్ చేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: అందులో 127.0.0.53 కనిపిస్తే ఆ ఫైలు సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సర్వీసు చేతిలో ఉన్నట్టు. మీరు రాసింది నిలవదు. అసలు సర్వర్లేవో 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' చెబుతుంది.

అపోహ: కొత్త డీఎన్ఎస్ రికార్డు ప్రపంచమంతా పాకడానికి 48 గంటలు పడుతుంది.

వాస్తవం: పాకేదేమీ లేదు, క్యాషెలో (సర్వర్లు జవాబులు దాచుకునే చోట) ఉన్న పాత జవాబుకు గడువు తీరాలి, అంతే. టీటీఎల్ (సెకన్లలో ఆ గడువు) 300 అయితే 5 నిమిషాలు. కాకపోతే రికార్డు పెట్టకముందే వచ్చిందా రాలేదా అని అడిగితే, 'లేదు' అన్న జవాబు కూడా క్యాషెలో కూర్చుంటుంది. కాబట్టి ముందు ఆ డొమైన్ అథారిటేటివ్ సర్వర్‌నే (అసలు రికార్డులు ఉండే సర్వర్) డిగ్‌తో అడగండి, అక్కడ రికార్డు కనిపించాకే మామూలు సర్వర్ జోలికి వెళ్లండి.