బాణం ఎక్కడ మొదలవ్వాలి?

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రబడడం మీరు ఇంట్లో చూసే ఉంటారు. పెళ్ళిళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. సున్నం ఒక క్షారం; అది కర్కుమిన్‌కున్న ఒక హైడ్రోజన్‌ను ప్రోటాన్‌గా, అంటే దాని ఎలక్ట్రాన్‌ను వెనకే వదిలి, లాక్కుంటుంది. వెనక మిగిలిన ఎలక్ట్రాన్లు అణువులో విశాలంగా పరుచుకుంటాయి, అందుకే రంగు మారుతుంది. అమ్మమ్మ పళ్ళెంలో జరిగిందీ, చర్య ఎలా జరుగుతుందో చూపడానికి మీ నోట్సులో వంపు బాణాలతో గీసేదీ ఒకటే. ఈ ఉత్తరం ఆ బాణాల గురించే.

చాలా ఏళ్ళు పేపర్లు దిద్దాను. ఆమ్ల క్షార చర్యలో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన తప్పు ఒక్కటే: బాణాన్ని ఆమ్లంలోని హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టి క్షారం దాకా గీయడం. తప్పని చెబితే, "వెళ్ళేది ప్రోటానే కదా మాస్టారూ, బాణం దాని నుంచే కదా రావాలి?" అని అడిగేవారు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే గీశాను, కాబట్టి ఆ ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది.

ప్రోటాన్ వెళ్ళేమాట నిజమే. కానీ వంపు బాణం చూపించేది దాని ప్రయాణాన్ని కాదు. ఒక ఎలక్ట్రాన్ జంట ఇప్పుడు ఎక్కడుంది, తర్వాత ఎక్కడుంటుంది, ఈ రెండే బాణం చెబుతుంది. అప్పు లెక్క రాసేటప్పుడు డబ్బు ఉన్నవాడి పేరుతోనే మొదలుపెడతాం కదా, ఇదీ అంతే. ఆమ్లంలోని ఆ హైడ్రోజన్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. దాని ఎలక్ట్రాన్లను కూడా పక్కనున్న ఆక్సిజన్ తనవైపు లాక్కుని కూర్చుంది. జంట ఉన్నది క్షారం దగ్గర. అందుకని బాణం తోక క్షారం మీది ఒంటరి జంటను, అంటే ఏ బంధంలోనూ లేని ఎలక్ట్రాన్ జంటను తాకాలి, మొన హైడ్రోజన్‌ను తాకాలి.

ఎసిటిక్ ఆమ్లాన్నీ, క్షారంగా హైడ్రాక్సైడ్‌నూ (OH⁻) పక్కపక్కన గీయండి. హైడ్రాక్సైడ్ ఆక్సిజన్ మీద మూడు ఒంటరి జంటలు ఉంటాయి, మూడూ చుక్కలతో పెట్టండి. బద్ధకిస్తే బాణం ఎక్కడ మొదలవ్వాలో కనిపించదు. మొదటి బాణం ఒక జంట నుంచి ఆమ్లం హైడ్రోజన్ దాకా. ఇక్కడ ఆపేస్తే ఆ హైడ్రోజన్‌కు రెండు బంధాలు, నాలుగు ఎలక్ట్రాన్లు అయిపోతాయి. అది రెండు ఎలక్ట్రాన్లకు మించి పెట్టుకోలేదు. కాబట్టి పాత బంధం తెగాలి. రెండో బాణం ఆక్సిజన్ హైడ్రోజన్ బంధం నడిమధ్య మొదలై అదే ఆక్సిజన్ మీద ఆగాలి. ఆ బంధంలోని జంట ఆక్సిజన్ దగ్గరే ఉండిపోతుంది, దాంతో దానికి మైనస్ వస్తుంది. హైడ్రాక్సైడ్ నీరైపోతుంది. చర్యకు ముందు మొత్తం ఆవేశం మైనస్ ఒకటి, తర్వాతా మైనస్ ఒకటే. గీసిన ప్రతిసారీ ఈ లెక్క చూసుకోండి, సగం తప్పులు మీకే దొరుకుతాయి.

మొనకు రెండు రెక్కలుంటే అది రెండు ఎలక్ట్రాన్ల బాణం. ఒకే రెక్క ఉంటే ఒక ఎలక్ట్రాన్‌ది, దాని అవసరం జత లేని ఎలక్ట్రాన్లతో నడిచే రాడికల్ చర్యల్లో వస్తుంది. ఈ వంపు బాణాలు 1922లో కెర్మాక్, రాబిన్సన్ రాసిన ఒక పరిశోధన పత్రంలో మొదటిసారి కనిపించాయి. ఆ మరుసటి ఏడాదే బ్రాన్‌స్టెడ్, లౌరీ ఎవరికి వారుగా ఆమ్లమంటే ప్రోటాన్ ఇచ్చేది, క్షారమంటే పుచ్చుకునేది అన్నారు. ఇవాళ మన పేజీ మీద ఆ రెండు ఆలోచనలూ కలిసే ఉంటాయి.

ఇంకో మాట. బాణాలు పద్ధతిగా గీసినంత మాత్రాన చర్య జరిగిపోదు. ఒక పదార్థం ఎంత తేలిగ్గా ప్రోటాన్ వదులుతుందో చెప్పే అంకె పీకేఏ; అది ఎంత చిన్నదైతే ఆమ్లం అంత బలమైనది. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.76, నీటిది సుమారు 15.7. తేడా దాదాపు 11 కాబట్టి మనం గీసిన చర్య దాదాపు పూర్తిగా ముందుకే వెళ్తుంది. అదే హైడ్రాక్సైడ్ అమ్మోనియా నుంచి ప్రోటాన్ లాగుతున్నట్టు కూడా కాగితం మీద ఏ తప్పూ లేకుండా గీయవచ్చు. కానీ అమ్మోనియా పీకేఏ సుమారు 38, సీసాలో అలాంటిదేమీ జరగదు. బాణం దారి చెబుతుంది, ఎటు మొగ్గుతుందో పీకేఏ చెబుతుంది. రెండూ కలిపి చదవండి.

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. ఎసిటిక్ ఆమ్లంలో బలమైన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే, ఇప్పుడు ఎసిటిక్ ఆమ్లమే క్షారంగా మారి ప్రోటాన్ తీసుకోవాలి. దానికి ఆక్సిజన్లు రెండు. ఏది తీసుకుంటుంది? చాలామంది హైడ్రోజన్ ఉన్న ఆక్సిజన్‌ను చూపిస్తారు. కానీ తీసుకునేది ద్విబంధంతో ఉన్నది. అప్పుడొచ్చే ప్లస్‌ను రెండో ఆక్సిజన్ తన ఒంటరి జంటతో పంచుకోగలదు, రెండో విధంగా అయితే ఆ ఆసరా దొరకదు. నమ్మమని అడగను, రెండు విధాలుగానూ గీసి చూడండి.

వచ్చే ఉత్తరానికి మీ నుంచి నాకు ఒక కాగితం కావాలి. కర్కుమిన్ అణువు రెండు చివరలా ఫీనాల్ భాగం, అంటే బెంజీన్ వలయానికి తగిలిన OH, ఉంటుంది, అందుకని ఫీనాల్‌నూ హైడ్రాక్సైడ్‌నూ తీసుకుని రెండు బాణాలు గీయండి. తర్వాత ఆ మైనస్ వలయంలో ఎక్కడెక్కడికి వెళ్ళగలదో చూపించండి. చివరగా, ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగు వస్తుంది. ఈసారి బాణం తోక ఎక్కడ పెడతారో గీసి పంపండి.

మీ మాస్టారు తాతయ్య