సినిమానే నచ్చిందంటే ఎందుకంత కోపం? వడపళని నుంచి మొదలైన కథ

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు చేరిన చోట లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "నాకు నవల కన్నా సినిమాలే నచ్చాయి" అంటారు, వెంటనే ఇంకొకరు "అసలు చదివావా నువ్వు?" అని తగులుకుంటారు. ఆ అడగడంలోనే ఒక తీర్పు ఉంటుంది: చదివినవాడు గొప్ప, చూసినవాడు బద్ధకస్తుడు. నా పేచీ ఆ తీర్పుతోనే. మాయలూ మంత్రాల కథల్లో తెలుగువాళ్లం సినిమా వైపు మొగ్గి డెబ్బై ఏళ్లు దాటింది, అదీ ఈ ఊళ్లోనే.

1951లో, వడపళని స్టూడియోలో విజయావారు తీసిన పాతాళభైరవి వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. దాని మూలం మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో ఉంది. అవి మొత్తం 12 భాగాలు. మణిసిద్ధుడనే ఆయన కాశీకి నడిచిపోతూ, వెంట వచ్చిన పశువుల కాపరి కుర్రాడు దారిలో ఏ వింత చూసి అడిగినా మజిలీలో దాని వెనక కథ చెబుతాడు, ఆ కథలో ఇంకో కథ మొదలవుతుంది, దాంట్లోంచి మరొకటి, చివరికి మొదటి కథ ఎక్కడ ఆగిందో మనం వెనక్కి తిప్పి చూసుకోవాలి. గ్రాంథికం, పొడుగు వర్ణనలు. ఓపిక ఉంటే అదో మత్తు. ఆ అడవిలోంచి సినిమావాళ్లు ఒక్క దారి పట్టుకున్నారు, దానికి అల్లావుద్దీన్ ఛాయలు కలిపారు, తోటమాలి కొడుకునీ నేపాళ మాంత్రికుణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఎస్వీ రంగారావు తర్వాత మనకి మాంత్రికుడంటే ఆయన మొహమే. పాతాళభైరవి బాగుందన్న తాతగారిని "కాశీమజిలీలు చదివారా?" అని ఎవరైనా నిలదీశారా? నా మటుకు నాకు, ఆ ఒక్క కథ వరకూ సినిమాయే మేలు.

1957 నాటి మాయాబజార్ సంగతి ఇంకా చిక్కు. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్లి లేదు. జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ అది. మరి దేన్ని మూలమనాలి?

ఇంకో విషయం, ఈ విజయా సినిమాలు తీసిన నాగిరెడ్డి, చక్రపాణే 1947 జులైలో ఇక్కడే చందమామ పెట్టారు. 1954లో అందులో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క సీరియల్ మొదలైంది (ఆయన పేరు పత్రికలో వేసేవారు కాదు, అది వేరే అన్యాయం). లండన్‌లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి భాగం వచ్చిందీ ఆ ఏడే. కాకపోతే మన సీరియల్‌కి చిత్ర అనే చిత్రకారుడు గీసిన బొమ్మలుండేవి, కథ సగం ఆ బొమ్మల్లోనే నడిచేది. అంటే మనం చదివిన ఫాంటసీ కూడా సగం చూసిందే.

అవతలివైపు రచయితలకి ఈ తంటా ఎప్పుడూ ఉంది. 1958లో తన కథకి ఎవరో రాసిన సినిమా రూపం చూసి లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ మండిపడ్డాడు, అవసరం లేని చోటల్లా గద్దల్ని దింపుతున్నారని కూడా. అయినా 1969లో హక్కులు అమ్మేశాడు. పీటర్ జాక్సన్ సినిమాలు 2001 నుంచి 2003 దాకా వచ్చాయి, మూడోదానికి 11 ఆస్కార్లు. నవలలో ముసలి బిల్బో పుట్టినరోజు విందుకీ హీరో ఫ్రోడో ఇల్లు వదలడానికీ మధ్య 17 ఏళ్లు గడుస్తాయి, సినిమాలో ఆ తీరుబడి కనబడదు. టామ్ బాంబడిల్ అనే పాత్ర మొత్తం ఎగిరిపోయింది. నాకు అతను లేకపోవడం హాయిగానే అనిపించింది కానీ, యుద్ధం గెలిచి ఇంటికొచ్చేసరికి సొంత ఊరే పాడైపోయి ఉండే చివరి ఘట్టం తీసేయడం మాత్రం మింగుడుపడలేదు. అది లేకపోతే వాళ్లు ఇల్లు చేరడంలో బరువు తగ్గిపోయింది.

అన్నిసార్లూ కత్తిరింపుతో పోదు. ఉర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలల్లో గెడ్ అనే మాంత్రికుడు గోధుమరంగు మనిషి. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్లు అతన్ని తెల్లవాణ్ణి చేశారు, లెగ్విన్ బహిరంగంగానే దులిపేసింది. మన రంగు మాంత్రికుడు ఒకడు దొరికితే వాణ్ణి కూడా ఉంచలేదు. అలాంటి చోట "సినిమానే బాగుంది" అంటే నేనూ ఒప్పుకోను.

చెన్నైలో ఈ గొడవ బాగా ముదిరింది పొన్నియిన్ సెల్వన్ అప్పుడు. అది ఫాంటసీ కాదు, చరిత్ర మీద అల్లిన తమిళ నవల, 1950 నుంచి 1954 దాకా కల్కి పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1958లో ఎంజీఆర్ సినిమా తీస్తానన్నారు, జరగలేదు. చివరికి 2022లో, 2023లో మణిరత్నం రెండు భాగాలు తీశారు. ఐదు భాగాల నవలని కుదించారని తమిళ స్నేహితులు వాదించుకుంటుంటే మనవాళ్లు చాలామంది నోరు మెదపలేదు. ఎందుకంటే ఇక్కడ పాత తరం తెలుగువాళ్లలో తమిళం గడగడా మాట్లాడతారు గానీ అయిదు భాగాల నవల చదివేంత రానివాళ్లు బోలెడు. వాళ్లకి ఆ కథ దొరికిందే తెర మీద.

ఇప్పటి పిల్లల పరిస్థితి దీనికి తలకిందులు. 2006లో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పాకింది. తెలుగు సంఘాలు కోర్టులకెక్కి పదో తరగతి పరీక్షలకి మినహాయింపులు తెచ్చుకున్నాయి, ఇంగ్లీషు మీడియం మోజు ఎలాగూ ముందునుంచే ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల తమిళం, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటుంది. ఆ పిల్లకి పాత చందమామ సంచిక ఇస్తే బొమ్మలు చూసి పక్కన పెడుతుంది, మాయాబజార్ పెడితే ఘటోత్కచుడు భోజనం ముగించేదాకా కదలదు. తనకి సినిమా ఎక్కువ నచ్చిందని మనం అనుకుంటాం గానీ, పోల్చి చెప్పడానికి రెండోది చదవడం ముందు రావాలి కదా.