గుమ్మడికాయ మీద రంగు ఎందుకు నిలవదు?

"పిల్లలతో హాలోవీన్ గుమ్మడికాయకు రంగులు వేయించాం. రాత్రికి ఆరింది, తెల్లారేసరికి పెచ్చులుగా ఊడింది. రంగు మంచిది కాదా?" అక్టోబరు 31 దగ్గర పడుతుంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న. చాలాసార్లు తప్పు రంగుది కాదు. ఆ తొక్క ఉన్నదే దేన్నీ అంటనివ్వకుండా ఉండడానికి.

గుమ్మడి తొక్క మీద క్యూటికిల్ అనే పలుచని పొర ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అవభాసిని. అది మైనం పట్టిన పొర. లోపలి నీటిని బయటికి పోనివ్వదు, బయటి బూజును లోపలికి రానివ్వదు. బూడిద గుమ్మడికి ఆ పేరు తెచ్చిన తెల్లటి బూడిద కూడా మైనమే. వేలితో రుద్దితే చేతికంటుతుంది.

ఇక అసలు సంగతి. నీటి తలతన్యత, అంటే నీటి పైపొరను బిగపట్టి ఉంచే లాగుడు, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. మైనం ఉపరితల శక్తి, అంటే దాని పైభాగం ద్రవాన్ని తనవైపు లాక్కునే బలానికి కొలత, అదే లెక్కలో 30 కంటే తక్కువ. అంటే నీటి అణువులకు మైనం మీద కంటే ఒకదాని మీద ఒకదానికే ఆకర్షణ ఎక్కువ. అందుకే చుక్క పరుచుకోదు, ఉండ కట్టుకుంటుంది. పిల్లలకు ఇది చూపించడం తేలిక. కాయ మీద ఒక చుక్క నీళ్లు వేసి, కళ్లు దాని ఎత్తుకు దించి పక్కనుంచి చూడమనండి. చుక్క అంచు తొక్కతో చేసే కోణమే స్పర్శకోణం. ఇప్పుడు గిన్నెలు తోమే సబ్బులో ముంచిన పుల్లను ఆ చుక్కకు తాకించండి. సబ్బు నీటి తలతన్యతను సగానికి పైగా తగ్గిస్తుంది, చుక్క చదునుగా పరుచుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టుదీ ఇదే సూత్రం. కాకపోతే అక్కడ మైనానికి తోడు కంటికి కనపడని బుడిపెలు కూడా ఉంటాయి కాబట్టి బొట్టు ఏకంగా దొర్లిపోతుంది.

అక్రిలిక్ రంగంటే నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి దగ్గరపడి, నొక్కుకుని, ఒకదానిలో ఒకటి కరిగినట్టుగా కలిసి పొర అవుతాయి. ఆరేటప్పుడు ఆ పొర ముడుచుకుంటుంది. ముడుచుకునే పొరలో నిలవ ఉండే శక్తి మందంతో పాటు పెరుగుతుంది, తొక్కతో దాని పట్టు మాత్రం పెరగదు. ఒక మందం దాటాక పొరే తనను తాను పీక్కుంటుంది. పిల్లలు మెత్తినట్టు వేసిన చోటే ముందు ఊడడానికి కారణం ఇదే.

కాబట్టి పని ఇలా మొదలుపెట్టాలి. తొడిమ గట్టిగా ఉండి, ఎక్కడా మెత్తబడని కాయను ఎంచుకోండి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, విరిగితే బూజుకు దారి అదే. బయటి చలిలోంచి తెచ్చిన కాయను ఒక రాత్రి ఇంట్లో ఉంచండి. లేకపోతే చల్లటి తొక్క మీద గదిలోని తేమ చెమ్మగా పట్టి, రంగు కింద బుడగలు కడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, సబ్బు ఏమాత్రం మిగలకుండా మళ్లీ మంచినీళ్లతో కడగండి. చుక్కను పరిచిన సబ్బే తొక్క మీద మిగిలితే రంగుకూ తొక్కకూ మధ్య అడ్డుపొర అవుతుంది. పూర్తిగా ఆరాక పెద్దవాళ్లు 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌ను గుడ్డతో తుడిస్తే చేతుల జిడ్డు పోతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. గరుకు కాగితంతో రుద్దమని కొందరు చెబుతారు, వద్దు. రంగు పట్టు పెరుగుతుందేమో గానీ కాయ త్వరగా కుళ్లుతుంది.

తెల్ల అక్రిలిక్‌ను స్పాంజితో పలుచగా అద్ది, గంటసేపు ఆరనిచ్చి, మరో పలుచని పూత వేయండి. బొమ్మలు ఆ తర్వాతే.

చిన్నపిల్లలకు ఇచ్చే వాషబుల్ రంగుల్లో బంక ఆరాక కూడా నీళ్లలో కరుగుతుంది. బట్టల మీంచి పోయేది అందుకే, మంచుకు కారిపోయేదీ అందుకే. వాటిని తెల్ల పూత మీద వేయించి, కాయను ఇంట్లోనే ఉంచండి. అక్రిలిక్ అయితే బట్టల మీద ఆరిందంటే వదలదు, తడిగా ఉన్నప్పుడే కడిగేయాలి. ఇంకో మాట, వాకిట్లో చలికి పెట్టి ఆరబెట్టొద్దు. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ లోపు ఆ ప్లాస్టిక్ రేణువులు గట్టిబడి సరిగా కలవవు, పొర బీటలు వారుతుంది.

మన ఇళ్లలో గుమ్మానికి కట్టే దిష్టి గుమ్మడికాయకూ కళ్లూ మీసాలూ దిద్దుతాం. అది కుళ్లితే దిష్టి తగిలిందంటారు. తొడిమ చుట్టూ, ఉట్టి తాడు ఒరుసుకున్న చోటా చూడండి, మెత్తబడడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. మైనం చెదిరిన చోట బూజుకు తలుపు తెరిచినట్టే. ఈ సంగతి పిల్లలకు చెబితే చెక్కిన కాయ కొన్ని రోజులకే ఎందుకు కుళ్లుతుందో, చెక్కకుండా రంగేసిన కాయ వారాల తరబడి ఎందుకు ఉంటుందో వాళ్లే చెప్పేస్తారు. గడ్డకట్టే చలి రాత్రుల్లో మాత్రం కాయను లోపలికి తేవాలి. గడ్డకడితే కణాలు పగిలి, కరిగాక కాయంతా గుజ్జవుతుంది.

పండగయ్యాక రంగు కాయను వండొద్దు, జింకలకూ ఉడతలకూ వదలొద్దు. అక్రిలిక్ ప్లాస్టిక్ కాబట్టి మట్టిలో కుళ్లదు. రంగున్న తొక్కను మందంగా చెక్కి చెత్తలో వేసి, మిగతా కండను ఎరువు గుంటలో వేయండి.