దీపం పేరు పెట్టుకున్న పొయ్యి

వెలుగుతున్న పాత ఫిలమెంట్ బల్బుని పొరపాటున ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నవాళ్ళకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది తాగే కరెంటులో వెలుతురుగా మారేది నూటికి 5 వంతులు, కాస్త అటూఇటూగా, మిగతాదంతా వేడే. లోపలి టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్‌కి చేరితేగానీ సరైన వెలుతురు రాదు, అంత కాలినా అది వెదజల్లేదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనబడని పరారుణ కిరణాలే. పోనీ ఇంకా వేడెక్కిద్దామా అంటే వెలుతురు పెరుగుతుంది గానీ టంగ్‌స్టన్ తొందరగా ఆవిరై తీగ తెగిపోతుంది. 1924లో పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టి ఆయుష్షు 1,000 గంటలు దాటకూడదని నియమం పెట్టుకున్న మాట నిజమే, దాని వెనక లాభాపేక్ష ఉన్న మాటా నిజమే, కానీ ఎక్కువకాలం మన్నే ఫిలమెంట్ బల్బు అంటే మసగ్గా వెలిగి కరెంటు ఇంకా ఎక్కువ వృథా చేసే బల్బు అన్నది కూడా అంతే నిజం. ఆ కథ చెప్పేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తుంటారు.

ఇక లెక్క. వాట్లు వెలుతురు కాదండీ, ఖర్చు. వెలుతురుని కొలిచేది ల్యూమెన్లలో. 800 ల్యూమెన్ల కోసం ఫిలమెంట్ బల్బుకి 60 వాట్లు కావాలి, సీఎఫ్ఎల్‌కి 14 దాకా, ఎల్ఈడీకి 9 చాలు. రోజుకి 5 గంటల చొప్పున ఏడాదంతా వెలిగిస్తే మొదటిది దాదాపు 110 యూనిట్లు, రెండోది 25, మూడోది 16. బొగ్గు కరెంటైతే యూనిట్‌కి ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకోవచ్చు, అంటే అదే గదికి, అదే వెలుతురుకి 110 కిలోలా 16 కిలోలా అన్నది తేడా. ఏసీ వేసిన గదిలోనైతే బల్బు పుట్టించిన వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్ళీ కరెంటు తాగాలి.

"ఎల్ఈడీలో చిప్పులు, సర్క్యూట్లు ఉంటాయి కదా, తయారీలోనే బోలెడు ఖర్చవదా?" అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. అమెరికా ఇంధన శాఖ 2012లో తయారీ, రవాణా, వాడకం అన్నీ కలిపి లెక్కగట్టింది. 2 కోట్ల ల్యూమెన్-గంటల వెలుతురుకి, అంటే 800 ల్యూమెన్ల బల్బు 25,000 గంటలు వెలిగినంతకి, ఫిలమెంట్ బల్బులకి సుమారు 15,100 మెగాజౌళ్ళ శక్తి పడితే సీఎఫ్ఎల్‌కీ ఎల్ఈడీకీ చెరో 3,900 దగ్గర తేలింది. మూడింట్లోనూ సింహభాగం వాడకానిదే. ఆ తర్వాత ఎల్ఈడీలు ఇంకా మెరుగయ్యాయి.

అందుకే నా మటుకు నేను ఇలా అంటాను: రోజూ గంటలకొద్దీ వెలిగే ఫిలమెంట్ బల్బు ఉంటే అది మాడిపోయేదాకా ఆగకండి, ఇవాళే తీసేయండి. పనిచేస్తున్న సీఎఫ్ఎల్‌ని మాత్రం పారేయొద్దు. మార్చితే మిగిలేది 5 వాట్లే, ఏడాదికి 9 యూనిట్లు, దానికి అంత హడావుడి అక్కర్లేదు.

సీఎఫ్ఎల్‌తో అసలు చిక్కు కరెంటు కాదు, పాదరసం. ఒక్కోదాంట్లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. బొగ్గులోనూ పాదరసం ఉంటుంది కాబట్టి, బొగ్గు కరెంటుతో వెలిగే ఫిలమెంట్ బల్బు తన లోపల చుక్క పాదరసం లేకుండానే కరెంటు కేంద్రం పొగగొట్టం నుంచి అంతకంటే ఎక్కువ వదిలించగలదు, చిత్రంగా ఉంటుంది గానీ లెక్క అలా వస్తుంది. అయితే పొగగొట్టం ఎక్కడో ఉంటుంది, పగిలిన సీఎఫ్ఎల్ మనింట్లో ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి ఓ పది నిమిషాలు గది వదిలి వెళ్ళండి, చీపురూ వ్యాక్యూమ్ క్లీనరూ వాడకండి, అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. పాదరసం వాడకాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న 2013 నాటి మినమాటా ఒప్పందం ప్రకారం ఇళ్ళలో వాడే మామూలు సీఎఫ్ఎల్‌ల తయారీ, ఎగుమతి దిగుమతులు 2025 దాటాక ఆగిపోవాలి.

మరి ఎల్ఈడీలో లోపమే లేదా అంటే, ఉంది. పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది, రోజుకి 5 గంటల లెక్కన పదమూడేళ్ళ పైమాట, కానీ కొన్ని రెండేళ్ళకే పోతాయి. చాలాసార్లు చచ్చేది వెలుగిచ్చే చిప్పు కాదు, ఇంటి కరెంటుని చిప్పుకి తగ్గట్టు మార్చే, అడుగున ఉండే డ్రైవర్ సర్క్యూట్, అందులోనూ ముఖ్యంగా చిన్న కెపాసిటర్. వేడికి దాని లోపలి ద్రవం ఎండిపోతుంది. ఎల్ఈడీ వెలుతురు చల్లగానే ఉంటుంది గానీ చిప్పు దగ్గర పుట్టే వేడి అడుగు భాగం గుండా బయటికి పోవాలి, గాలాడని మూత డోమ్‌లో బిగిస్తే ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. అలాంటి చోటికి కొనేముందు మూత లైట్లలో వాడొచ్చని పెట్టె మీద ఉందో లేదో చూడండి. పోయినదాన్ని చెత్తబుట్టలో కాకుండా పాత ఫోన్లు, ఛార్జర్లు ఇచ్చేచోటే ఇవ్వండి, లోపల సర్క్యూట్ బోర్డుతో పాటు మళ్ళీ కరిగించి వాడుకోగలిగే అల్యూమినియం కూడా ఉంటుంది.