రాళ్లు కదిలాయి, ఒక సమాధి మిగిలింది

మద్రాసు హైకోర్టు ప్రాంగణంలో, పాత లా కాలేజీ పక్కన, ఒక పాత సమాధి ఉంది. దానికి 100 మీటర్ల లోపు ఏదీ కట్టకూడదన్న నిబంధన వల్ల అక్కడ బహుళ అంతస్తుల పార్కింగ్‌కు అడ్డంకి వచ్చింది. సమాధిని వేరే చోటికి మార్చాలని 2023లో హైకోర్టు సింగిల్ జడ్జి ఆదేశించారు. ఈ వివాదం అర్థం కావాలంటే ముందు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చి గురించి తెలియాలి.

గవర్నర్ స్ట్రేన్‌షామ్ మాస్టర్ హయాంలో, కోటలోని ఇంగ్లిష్ వాళ్లు తలా కొంత చందా వేసుకుని ఈ చర్చిని కట్టుకున్నారు. 1678 మార్చి 25న, మేరీ మాత పండుగ రోజున పని మొదలైంది. చర్చికి ఆ పేరు రావడానికి కారణం అదే. 1680 అక్టోబర్ 28న ప్రతిష్ఠ జరిగింది. సూయజ్‌కు తూర్పున నిలిచి ఉన్న ఆంగ్లికన్ చర్చిల్లో ఇదే పాతదని చెబుతారు. బాంబు పడినా తట్టుకోవాలని పైకప్పుకు కలప వాడలేదు, మందపాటి కమానులా ఇటుకతో కట్టారు. ఆ జాగ్రత్త ఊరికే పోలేదు.

ప్రతిష్ఠ జరిగిన వారానికే, నవంబర్ 4న, ఇందులో తొలి పెళ్లి జరిగింది. వరుడు ఎలిహు యేల్. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు, అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. వధువు కేథరిన్, అదే ఏడాది చనిపోయిన జోసెఫ్ హిన్మర్స్ భార్య. యేల్ దంపతుల కొడుకు డేవిడ్ పసితనంలోనే చనిపోతే, తల్లి మొదటి భర్త సమాధిలోనే పాతిపెట్టారు. లా కాలేజీ పక్కనున్నది ఆ సమాధే.

అప్పట్లో అది ఇంగ్లిష్ వాళ్ల శ్మశానం. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు, అతని సైనికులు ఎత్తైన సమాధుల చాటున దాక్కుని కాల్పులు జరిపారు. ముట్టడి ముగిశాక ఇంగ్లిష్ వాళ్లు సమాధులు కూలగొట్టి, పేర్లు చెక్కిన రాళ్లను తెచ్చి చర్చి చుట్టూ నేలలో పరిచారు. హైదర్ అలీతో యుద్ధం వచ్చినప్పుడు వాటిలో కొన్నింటిని పెకలించి ఫిరంగుల కింద వేశారు, తర్వాత మళ్లీ తెచ్చి పరిచారు. ఈ రోజు చర్చికి వెళ్లేవాళ్లు ఆ అక్షరాల మీదుగానే నడుస్తారు. పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు అన్నీ ఉన్నాయి. వాటి కింద మాత్రం మనుషులు లేరు.

చర్చి లోపల ఇందుకు భిన్నంగా, రాయలసీమకు కలెక్టర్‌గా, తర్వాత మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన సర్ థామస్ మన్రో అవశేషాలు ఉన్నాయి. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయారు. మొదట గుత్తిలో పాతిపెట్టి, తర్వాత ఇక్కడికి తెచ్చారు. రాయలసీమ వాళ్లు ఎవరైనా కోటకు వెళ్తే ఈ రాయి దగ్గర కాసేపు ఆగుతారు.

యేల్ హయాంలో బానిసల వ్యాపారం సాగింది, దాన్ని దాచాల్సిన పని లేదు. అలాంటి వాడి కొడుకు ఉన్న సమాధిని కాపాడాలా అని అడగవచ్చు. కానీ ఆ శ్మశానంలో రాయీ, దాని కింది మనిషీ ఒకే చోట మిగిలిన సమాధులు చాలా తక్కువ. హిన్మర్స్ సమాధి వాటిలో ఒకటి. పార్కింగ్‌కు ఇంకో స్థలం వెతకవచ్చు.