ఆదివారం సాయంత్రానికే నీరసపడిపోతున్న విశ్వాసులకు: విశ్రాంతి గురించి అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నా దగ్గరకి ప్రార్థన చేయించుకోడానికి వచ్చేవాళ్ళలో చాలామంది నోట మొదట వచ్చే మాట "అయ్యగారూ, ఓపిక లేదండీ" అని. అప్పుల సంగతి, పిల్లాడి చదువు సంగతి ఆ తర్వాత చెబుతారు. ఈ ఓపిక లేకపోవడానికి కారణాలు కొన్ని ఇంట్లో ఉంటాయి, కొన్ని పనిచేసే చోట ఉంటాయి. కొన్ని మాత్రం మన మందిరాల్లోనే ఉన్నాయి, మనమే మైకు పట్టుకుని చెప్పినవి. అవే ఇక్కడ రాస్తున్నాను. తోటి సేవకులు కొందరికి నచ్చకపోవచ్చు, ఫర్వాలేదు.

అపోహ: ఆదివారం మందిరానికి వెళ్ళొస్తే విశ్రాంతి దినం ఆచరించినట్టే.

మగవాళ్ళకి కొంతవరకు నిజమేనేమో, ఇంట్లో ఆడవాళ్ళని ఒకసారి అడగండి. చీకటితోనే లేచి టిఫిన్ చేసి, పిల్లలకి తలలు దువ్వి సండే స్కూల్‌కి పంపి, ఆరాధనంతా కూర్చుని, ఇంటికొచ్చి చికెన్ వండి, అంట్లు తోమి, మూడింటికి స్త్రీల కూటమికి పరిగెత్తి, సాయంత్రం ఎవరింట్లోనో గృహకూడిక ఉంటే అక్కడ టీ గ్లాసులు అందించేదీ మళ్ళీ వాళ్ళే. తెల్లారితే సోమవారం.

పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20లో విశ్రాంతికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడో దినం విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5కి వచ్చేసరికి కారణం మారింది. నువ్వు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడిగా బతికావు, అది గుర్తుపెట్టుకో, అందుకని నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంట్లో ఉన్న పరదేశి, ఎవ్వరూ ఆ రోజు పని చెయ్యకూడదు, నీలాగే వాళ్ళూ విశ్రమించాలి అని. మనం మొదటి కారణాన్ని ప్రసంగిస్తాం, రెండోదాన్ని చదివి దాటేస్తాం. నన్నడిగితే ముందు చెప్పాల్సింది రెండోదే. ఐగుప్తులో ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయులకి సెలవన్నది లేదు, సెలవడిగితే సోమరిపోతులన్నాడు అక్కడి రాజు ఫరో. ఆ ఫరో మాట మన ఇళ్ళల్లో కోడలితోనో, పనిమనిషితోనో మనమే అంటున్నామేమో చూసుకోవాలి. పనిమనిషి ఆదివారం రానంటే ముఖం మాడ్చుకునే విశ్వాసులు నాకు చాలామందే తెలుసు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకి ఆహారంగా ఇచ్చిన మన్నా విషయంలో దేవుడు దీనికి ఏర్పాటు కూడా చూపించాడు. ఆరో రోజు రెండింతలు దొరికేది, కాల్చుకునేది కాల్చుకుని, వండుకునేది వండుకుని, మిగిలింది ఏడో రోజుకి ఉంచుకోమన్నాడు. అంటే విశ్రాంతి ముందురోజు సిద్ధం చేసుకుంటేనే దొరుకుతుంది. శనివారం రాత్రే బట్టలు తీసిపెట్టుకోవడం, ఆదివారం పప్పుచారు, ఆమ్లెట్‌తో సరిపెట్టుకోవడం, అంట్లు మగపిల్లలు తోమడం, ఇవి చిన్న విషయాలే, వీటితో మధ్యాహ్నం రెండు గంటలు మిగులుతాయి. ఆదివారం చికెన్ ఉండి తీరాలని వాక్యంలో ఎక్కడా లేదు.

అపోహ: ఆదివారం కుదరకపోతే ఇక విశ్రాంతి లేనట్టే.

నైట్ డ్యూటీ నర్సులు, పెట్రోల్ బంకుల్లో పనిచేసేవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు మన సంఘాల్లో బోలెడుమంది. ఆదివారం రాలేకపోతే వాళ్ళని వెనకబడిపోయారంటాం. అసలు ఆదివారాన్ని ప్రభుత్వ సెలవుగా ప్రకటించింది రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్, 321లో. ఆ ఆజ్ఞలో కూడా రైతులకి మినహాయింపు ఇచ్చాడు, అదును తప్పితే పంట పోతుందని. కువైట్‌లో మన తెలుగువాళ్ళు శుక్రవారం కూడుకుంటారు, అక్కడ సెలవు ఆ రోజు కాబట్టి. మీకు మంగళవారం ఆఫ్ అయితే మంగళవారమే తీసుకోండి. మీ కాపరికి ఆ మాట చెప్పండి, అర్థం చేసుకోవాలి.

అపోహ: అలసిపోయామంటే విశ్వాసం తగ్గిందన్నమాట.

ఏలీయా ప్రవక్త కథ మొదటి రాజులు 18, 19 అధ్యాయాల్లో నిదానంగా చదవండి. ఆయన ప్రార్థనకి కర్మెలు కొండ మీద అగ్ని దిగింది, వాన కురిసింది, ఆయన అహాబు రాజు రథం ముందు పరిగెత్తాడు. ఆ తర్వాతే రాణి యెజెబెలు బెదిరింపుకి బెయేర్షెబా దాకా పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని "నా ప్రాణం తీసెయ్యి" అన్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, దానికీ ఏమీ అనలేదు. రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని మళ్ళీ తినిపించాడు. "ఇక్కడ నీకేం పని" అన్న ప్రశ్న నలభై రోజుల తర్వాత హోరేబు కొండ దగ్గర వచ్చింది. మనం ఏం చేస్తాం? నీరసంగా వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ముందే హోరేబు ప్రశ్న అడుగుతాం: "ఏం తమ్ముడూ, ప్రార్థన తగ్గించావా?" అని. అన్నం తిన్నావా, రాత్రి నిద్రపట్టిందా అని అడిగేవాళ్ళు తక్కువ.

అపోహ: మనసు బాగోకపోతే ప్రార్థన చాలు, డాక్టర్, మందులు అంటే అవిశ్వాసం.

తప్పు. సువార్త రాసిన లూకా వైద్యుడు, అపొస్తలుడైన పౌలు ఆయన్ని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. నిద్ర పట్టక, ఏడుపు ఆగక వారాల తరబడి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, ప్రార్థన చేసుకుంటూనే డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావాలనిపిస్తోందని ఎవరైనా చెబితే వాళ్ళని ఒంటరిగా వదలకండి.

అపోహ: రాత్రంతా మేలుకుని ప్రార్థిస్తేనే బలం, నిద్ర శరీర క్రియ.

ఆల్ నైట్ ప్రేయర్‌కి నేను వ్యతిరేకం కాదు. యేసు ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకునే ముందు రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. అదే ప్రభువు తుఫానులో, పడవ వెనక భాగంలో, తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయాడు కూడా. ఆయన ప్రియులు నిద్రిస్తుండగా ఆయన వాళ్ళకి ఇస్తున్నాడని 127వ కీర్తన. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు, పౌలు కిందికి దిగి వాణ్ణి కౌగిలించుకున్నాడే గానీ "ఆత్మీయత లేదురా నీకు" అనలేదు. (ప్రసంగాలు పొడుగ్గా చేసే మాలాంటివాళ్ళకి కూడా ఈ కథలో పాఠం ఉందని మా ఇంటావిడ అంటుంటుంది.)

శనివారం డ్యూటీ ఉన్నవాళ్ళు శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్ నుంచి రాత్రి పదకొండింటికి లేచి వెళ్ళిపోతే వాళ్ళని ఎవరూ వింతగా చూడకూడదు. ఇంకోటి, షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకుని గానీ మాత్ర వేసుకుని గానీ ఏమీ తినకుండా ఉపవాసం ఉంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మాత్రలు మానేసి ఉపవాసం ఉండటమూ ప్రమాదమే. డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం మొదలుపెట్టకండి.

అపోహ: ఉజ్జీవం రావాలంటే పెద్ద సభలకి వెళ్ళాలి.

సభల్లో మేలు పొందినవాళ్ళు ఉన్నారు, కాదనను. అయితే మూడు రోజుల సభల్లో నిండినది మూడో వారానికి ఖాళీ అయితే మళ్ళీ ఏ సభలు ఉన్నాయా అని పోస్టర్లు వెతుక్కోవడం అలవాటైపోతుంది. పౌలు మన ఆంతర్య పురుషుడు, అంటే మన లోపలి మనిషి, "దినదినము" నూతనపరచబడుతున్నాడన్నాడు. మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే, మామూలు రోజుల్లో మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది.

దీనికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. పొద్దున ఫోన్ ముట్టుకోకముందే ఒక్క కీర్తన, గట్టిగా, చదవండి. వాట్సాప్‌లో వచ్చిన వాగ్దానం పది గ్రూపులకి పంపడం వాక్యధ్యానం కాదు. చదవడం రాని పెద్దమ్మలు మా సంఘంలో ఉన్నారు, 23వ కీర్తన కంఠతా, కూలికి వెళ్ళే ఆటోలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పోతారు, వాళ్ళ దగ్గర నేర్చుకోండి. అడగడం అంతా అయ్యాక కాసేపు ఊరికే ఉండటం కూడా ప్రార్థనే. బైబిలు మిషను అనే తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని ప్రత్యేకంగా నేర్పిస్తారు. స్పీకర్ల హోరుకి అలవాటుపడిన మనకి మొదట్లో ఐదు నిమిషాలు కూడా కష్టమే.

అపోహ: సేవకుడికి సెలవేంటి?

మోషే పొద్దుట్నించి సాయంత్రం దాకా తీర్పులు తీరుస్తుంటే మామ యిత్రో చూసి, నువ్వు చేసే పని మంచిది కాదు, నువ్వూ ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని ప్రభువే ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. సంఖ్యాకాండం 8 ప్రకారం గుడారంలో సేవ చేసే లేవీయులు యాభై ఏళ్ళకి బరువు పనుల నుంచి తప్పుకోవాలి. ఇక పాస్టరమ్మ సంగతి అయితే ఎవరికీ గుర్తే రాదు, వచ్చిన ప్రతివాళ్ళకీ టీ పెట్టే మనిషి ఆవిడ. మీ కాపరి కుటుంబానికి వారంలో ఏ రోజు ఖాళీయో కనుక్కోండి, లేదంటే సంఘ పెద్దలు కూర్చుని ఒక రోజు ఖాయం చెయ్యండి. ఆ రోజు ఆసుపత్రి, మరణం లాంటి అత్యవసరమైతే తప్ప, ఫోన్లు పెద్దల్లో ఒకరు తీసుకుంటారు.