ఈసీజీ నార్మల్, గుండె దడ మాత్రం నిజం

ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు గుండె దడతో అర్ధరాత్రి ఆసుపత్రికి రావడం డాక్టర్లకు కొత్తేమీ కాదు. హాస్టల్ గదిలో లైటు తీసి పడుకోగానే ఉన్నట్టుండి గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. అరచేతులకు చెమటలు పడతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందదు. హార్ట్ ఎటాకేమోనని స్నేహితులు ఆటో ఎక్కించి తీసుకెళ్తారు. అక్కడ ఈసీజీ తీసి, "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేస్తారు. ఆ "ఏమీ లేదు" అన్న మాట నాకు మింగుడు పడదు. గుండెకు జబ్బు లేకపోవచ్చు. నిమిషానికి 120 సార్లు కొట్టుకున్న మాట మాత్రం అబద్ధం కాదు కదా.

ఈ అయోమయం నేటిది కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలో జేకబ్ డా కోస్టా అనే డాక్టరు దగ్గరికి సైనికులు దడ, ఛాతీ నొప్పి, ఆయాసంతో వచ్చేవారు. పరీక్షిస్తే చాలామందికి గుండెలో లోపమేదీ కనబడేది కాదు. దాదాపు 300 మందిని గమనించి 1871లో ఆయన దీని గురించి వ్యాసం రాశాడు. దానికే తర్వాత "సైనికుల గుండె" అని పేరొచ్చింది. ఆ లక్షణాల్లో చాలావాటిని ఇప్పటి డాక్టర్లు ఆందోళన కిందే చూస్తారు.

గుండెలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంది. దాన్ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్ల దాకా గుండెను కొట్టిస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ వేగాన్ని 70 దగ్గరికి దించేది మెదడు నుంచి వచ్చే వేగస్ నరం. రేపు ఇంటర్వ్యూ ఉందన్నా, ఫీజు గడువు దాటిపోతోందన్నా ముందు ఆ నరం పట్టు సడలుతుంది, వెనకాలే అడ్రినలిన్ అనే హార్మోన్ అందుకుంటుంది. అప్పుడు ఊపిరి కూడా వేగంగా తీస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని చూసి మనిషి ఇంకా భయపడతాడు, గుండె ఇంకా పరుగెడుతుంది.

1988లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పానిక్ ఎటాక్‌లు, అంటే ఉన్నట్టుండి దడతో ముంచెత్తే తీవ్ర భయం, వచ్చేవాళ్లకు గుండె వేగం ఒక్కసారిగా పెరిగినట్టు అబద్ధపు చప్పుడు వినిపించారు. దాన్ని నమ్మినవాళ్లలో ఆందోళనతో పాటు అసలు గుండె వేగం, బీపీ కూడా పెరిగాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల గుండెను కాంతితో వేగంగా కొట్టించి చూశారు. ప్రమాదం ఉండే చోట్లకు వెళ్లడానికి ఆ ఎలుకలు మరింత జంకాయి. అంటే మనసు గుండెను కంగారు పెట్టడమే కాదు, గుండె కూడా మనసును కంగారు పెట్టగలదు.

మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకోండి. మెల్లగా ఊపిరి పీల్చేటప్పుడు అది కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. వదిలేటప్పుడు వేగస్ నరం పట్టు బిగుస్తుంది కాబట్టే ఇలా జరుగుతుంది. అందుకే దడ వచ్చినప్పుడు నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదలమంటారు. పానిక్ ఎటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. దాన్ని ఆపాలని పెనుగులాడే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది.

అయితే ప్రతి దడనూ టెన్షన్ ఖాతాలో వేయకూడదు. స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగిపోయే దడ, అదీ నిమిషానికి 150 దాటితే, గుండెలోని విద్యుత్ దారుల్లో లోపం కావచ్చు. దడ తగ్గాక తీసిన ఈసీజీలో అది దొరక్కపోవచ్చు కూడా. అందుకే దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించాలి, లేదా 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ అనే పరికరం పెట్టించాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటప్పుడు ఒక అమ్మాయి దడగా ఉందంటే, హిమోగ్లోబిన్ చూడకుండా "నీకు భయం ఎక్కువ" అనడం అన్యాయం. స్పృహ తప్పినా, పరుగెత్తేటప్పుడు దడతో కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఆలస్యం చేయొద్దు.

ఇవేవీ లేవని తేలాక అసలు పని మొదలవుతుంది. చాలామంది మెట్లెక్కడం మానేస్తారు, బస్సుల్లో వెళ్లడం మానేస్తారు, స్మార్ట్‌వాచ్‌లో నిమిషానికోసారి అంకె చూసుకుంటారు. భయం బలపడేది సరిగ్గా అక్కడే. ఆలోచనలను, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్సలో దీనికి ఎదురు వెళ్తారు. థెరపిస్ట్ పక్కనే ఉండి మెట్లు గబగబా ఎక్కిస్తారు, ఉన్నచోటే పరుగెత్తిస్తారు. గుండె దడదడలాడుతుంది, దానంతటదే తగ్గుతుంది, ఏ ప్రమాదమూ జరగదు. పదే పదే అలా జరిగితే, దడకు భయపడక్కర్లేదని శరీరానికే తెలిసొస్తుంది. ఎనర్జీ డ్రింకులు, రాత్రి కాఫీలు తగ్గించి, నిద్ర సరిచేసుకుంటే ఈ పని ఇంకొంచెం తేలికవుతుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.